కొసరుగా తెచ్చుకున్న చీకటి

కొసరు అడగని మనిషిని మా నాన్న నమ్మేవాడు కాదు. నరసరావుపేట బజార్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. పక్కది పెదనాన్న బట్టల కొట్టు, ఎదురుగా మేనమామ కిరాణా. బేరం తెగి డబ్బు చేతులు మారాక, కొన్నవాడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి "కొసరేదీ?" అనాలి. ఓ చిన్న గరిటో, రెండు చెంచాలో సంచిలో పడేస్తేనే ఆ అమ్మకం ముగిసినట్టు. అడక్కుండా వెళ్ళిపోయినవాణ్ణి మా నాన్న వెనకనుంచి చాలాసేపు చూసేవాడు. "వీడికి సరుకు మీదన్నా మనసు లేదు, వీడిచ్చిన నోటన్నా మంచిది కాదు" అంటూ ఆ నోటు వెలుతురుకి ఎత్తిపట్టేవాడు.

నాకు నేర్పినవి ఇంకో రెండున్నాయి. ధర అడిగేముందు సొట్ట వెతకాలి. ఏ వస్తువైనా పైన చుట్టింది విప్పి చూడాలి, చుట్టు కింద ఏముందో ఒక్కోసారి అమ్మేవాడికే తెలీదు. మిషిగన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఈ మూడు బుద్ధులూ నన్ను వదల్లేదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల విడిభాగాల ఆఫీసులో పదిమందిని కూర్చోబెట్టి పాఠాలు చెప్పే మనిషిని, శనివారం సంతలో నాలుగు టమాటాలు కొని ఐదోది కొసరడుగుతాను. అప్పుడు మా అమ్మాయి, "నాన్నా, ప్లీజ్, నేను కార్‌లో ఉంటా" అని వెళ్ళిపోతుంది.

హైస్కూల్లో ఉన్న ఆ అమ్మాయికి కిందటేడు హోలోగ్రాముల పిచ్చి పట్టింది. లేజర్ వెలుగుతో వస్తువుని మూడు వైపుల లోతుతో సహా గాజు ప్లేటు మీదకి ఎక్కించడం. ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేస్తున్నాడని, అందులో ఇంట్లో కట్టుకున్న హోలోగ్రామ్ కెమెరా ఉందని ఆన్‌లైన్‌లో చూసి నన్ను బయల్దేరదీసింది.

"కెమెరా అంటే మన ఫోన్‌లో లాంటిదేనా?" అన్నాను కారు నడుపుతూ.

"కాదు నాన్నా. లెన్స్‌తో బొమ్మ తీయరు. వస్తువు మీదనుంచి వచ్చే లైట్, స్ట్రెయిట్‌గా వచ్చే లైట్, రెండూ ప్లేట్ మీద కలుస్తయ్. ఆ కలిసిన ప్యాటర్న్ ప్లేట్ పట్టుకుంటుంది. మళ్ళీ లేజర్ వేస్తే ప్లేట్ ఒక కిటికీ అవుతుంది. తల పక్కకి పెట్టి, వెనకాల ఏముందో కూడా చూడొచ్చు."

"మరి అందరూ ఎందుకు తీయరు?"

"ఏదీ కదలకూడదు. హెయిర్‌లో హండ్రెడ్త్ కదిలినా, ఆ కదిలింది ప్లేట్ మీద పడదు. నల్లగా ఉండిపోతుంది."

నన్ను కూర్చోబెట్టి తీస్తే నోరుండాల్సిన చోట పెద్ద గొయ్యి పడుతుందన్నాను. చేతులున్న చోట కూడా, అంది తను.

ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ధర చీటీ వేలాడుతోంది. సోఫాకి, గోడ గడియారానికి, గోడ మీది చేపల బొమ్మకి. వంటగదిలో ఫ్రిజ్‌కీ పెరటి తలుపుకీ మధ్య ఒక ఇనప కాళ్ళ కుట్టుమెషిన్ ఇరుక్కుని ఉంది. దాని ముందున్న కుర్చీ సగం కూడా వెనక్కి జరగదు. ఎవరో ఏళ్ళ తరబడి పక్కకి ఒరిగి కూర్చునుంటే గోడ రంగు భుజం ఎత్తున అరిగిపోయింది. చీటీ తిప్పి చూశాను. బరువెక్కువ, వదిలేశాను.

పెద్దాయన పొడుగ్గా, మెల్లగా మాట్లాడేవాడు. మా మాటలు ఇంగ్లీషులోనే నడిచాయి, నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో. కార్ల కంపెనీలో వణుకు పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడట. బ్రేకు కీచుమంటే ఇనుము ఎక్కడ వణుకుతోందో హోలోగ్రాముతో పట్టుకునేవాళ్ళట. ఆ పిచ్చి ఇంటికి కూడా తెచ్చుకుని బేస్‌మెంట్ మొత్తం ఆక్రమించాడు. ఏదీ కదలకుండా నాలుగు కాళ్ళ బల్ల మీద ట్రక్కు ట్యూబులు, వాటి మీద ఇసక తొట్టి, దాని మీద లేజర్, అద్దాలు, ప్లేటు నిలబెట్టే స్టాండు. వచ్చే శనివారానికి ఇల్లు అప్పజెప్పి ఆరిజోనాలో చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోతున్నాడు.

తను తీసిన ప్లేట్లు ఒక్కొక్కటీ వెలిగించి చూపించాడు. ఒక వాల్వు, ఒక టీ కెటిల్, చెంచాల గుత్తి. గాజు వెనక ఎర్రగా, ముట్టుకుంటే తగిలేలా. మా అమ్మాయి చెయ్యి గాజు వెనక్కి పోనిచ్చి కెటిల్ పట్టుకోబోయింది. చెయ్యి కెటిల్లోంచి అవతలికి పోయింది.

నేను సొట్ట వెతుకుతున్నాను. మెట్ల పక్కన గోడకి వాల్‌నట్ ఫ్రేములో ఇంకో ప్లేటుంది. చీటీ లేదు.

"అదేంటి?"

"అది సరిగా రాలేదు."

"చూపించండి."

వెలిగించాడు. ఒక బల్ల, బల్ల మీద కప్పు, వెనక గోడకి గడియారం. మధ్యలో పెద్ద నల్ల మచ్చ. నాకు కావలసింది దొరికింది. చూశారా, ఈ లేజర్ ఒక్కోసారి పనిచెయ్యదన్నమాట, అద్దాలకి మరకలున్నాయి, ఇసక మోయడానికి మనిషిని పెట్టుకోవాలి... అంటూ ఆ మచ్చ చుట్టూనే తిప్పి తిప్పి ఆయన చెప్పిన ధరలో దాదాపు సగానికి దించాను. ఆయన ఒక్క మాట కూడా ఎదురాడలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. బదులుగా నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఆ పాడైన ప్లేటు కూడా వేసెయ్యండి. పనికిరాదు కదా. అందులో ఎవరూ లేరు."

ఆయన నా వైపు చూశాడు.

"ఎవరూ లేరు," అన్నాడు, తలూపుతూ. గోడ మీంచి తీసి, న్యూస్‌పేపర్లో మడతలు సరిచూసుకుంటూ చుట్టి నా చేతిలో పెట్టాడు. గోడకి మేకు మిగిలింది. చుట్టూ గోడ మాసింది గానీ ఫ్రేమున్న చోటు మాత్రం తెల్లగా ఉంది.

కార్‌లో అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ర్యాప్ చేస్తున్నప్పుడు ఆయన హ్యాండ్స్ చూశావా నాన్నా?" అంది చివరికి.

"ఏం?"

"ఏం లేదు."

సామాను మా బేస్‌మెంట్లో సర్ది, అద్దాలు తుడిచి, ఆ ప్లేటు వెలిగించేసరికి సోమవారం సాయంత్రమైంది. వంటింట్లోంచి పోపు వాసన కిందకి వస్తోంది. అమ్మాయి లైట్లు ఆర్పి లేజర్ నొక్కింది. గాజు వెనక, మా సోనామసూరి బస్తాలుండే చోట, ఎర్రటి గది ఒకటి తెరుచుకుంది.

ఆ రోజు బేరం హడావిడిలో చూడనిది ఇప్పుడు చూశాను. గడియారానికి అంకెలన్నీ ఉన్నాయి, ముళ్ళు లేవు. కప్పు అంచున చిన్న పగులు కూడా కనిపిస్తోంది. నల్ల మచ్చకి మాత్రం అంచులున్నాయి. పైన గుండ్రంగా, దాని వెనక ముడి వేసిన జుట్టంత ఉబ్బు. కిందకి రెండు భుజాలు. నేను ఎడమకి ఒరిగాను, ఎడమ భుజం గడియారాన్ని కప్పేసింది. కుడికి ఒరిగాను, గడియారం మళ్ళీ బయటికొచ్చింది. మరకైతే అలా పక్కకి తప్పుకోదు. మనిషి ఉండాల్సినంత మేర, మనిషి లోతుతో, వెలుగు లేదు. నేను ఎటు జరిగితే అటునుంచి ఆ లేనితనం నాకెదురుగా కూర్చునే ఉంది.

"నాన్నా, ఇది ఖాళీ కాదు," అమ్మాయి గొంతు తగ్గించింది. "ఎవరో కూర్చున్నారు."

"మరి కనిపించరేం?"

"బతికున్నారు కదా. ఊపిరి తీసుకుంటే, హార్ట్ కొట్టుకుంటే, కదులుతారు, ఆ గడియారం ముళ్ళలాగే. అందుకే బ్లాక్‌గా పడ్డారు." మళ్ళీ తనే, "డెడ్ అయితే చక్కగా వచ్చేవాళ్ళు," అంది.

పైనుంచి మా ఆవిడ వచ్చి నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. అమ్మాయి చెప్పిందంతా విన్నది. కిందకి దిగలేదు.

"ఏమండీ, ఆ మాటలేమన్నా విన్నారా? ఎవరింటి మనిషినో కొసరడిగి తెచ్చి మన బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టారు. ఎవరావిడ?"

"ఆవిడ అని ఎవరన్నారే?"

"జుట్టు ముడి కనబడట్లేదూ! ఆ పెద్దాయన భార్యేమో. ఆయన ఊరు వదిలిపోయేలోపు దింపేసి రండి."

దింపేసి రావడం నాకు అంత తేలిక కాదు. పుచ్చుకున్నది వెనక్కి ఇవ్వడం మా వంశంలో లేదు. ఆయనే కదా ఇచ్చాడు, నేను లాక్కున్నానా అని మంగళవారం అనుకున్నాను. బుధవారం బియ్యం తేవడానికి కిందకి వెళ్ళాను. లేజర్ ఆపేసి ఉంది, ప్లేటు మామూలు మసక గాజు. అయినా బస్తా దగ్గరకి తిన్నగా నడవలేకపోయాను. ఆవిడ మోకాళ్ళుండే చోటు వదిలి, గోడ వెంబడి చుట్టు తిరిగి వెళ్ళాను. వంగి కొలుస్తూ రెండుసార్లు వెనక్కి చూశాను. మూడు గ్లాసులు పోయాల్సింది రెండే పోసుకుని పైకి వచ్చేశాను. ఆ రాత్రి అందరికీ అన్నం చాలలేదు.

గురువారం ఇచ్చేద్దామని తీర్మానించుకున్నాను. ప్లేటు ఇచ్చేద్దాం సరే, ఫ్రేము మాత్రం మంచి వాల్‌నట్ కర్ర, ఉంచేసుకుంటే ఆయన గమనిస్తాడా? సిగ్గులేని ఆ ఆలోచనతోనే ఫ్రేము మరలు విప్పాను. కర్ర అంచు ప్లేటు పైభాగాన్ని రెండు వేళ్ళ మేర కప్పేసి ఉంది. కింద, పక్కల అంత లేదు, పైన మాత్రమే.

చుట్టు విప్పాక చూడకుండా ఉండలేను. అమ్మాయిని పిలిచి వెలిగించమన్నాను. కర్ర కప్పేసిన ఆ పట్టీలోంచి, కాళ్ళ మునివేళ్ళ మీద లేచి, కిందకి చూశాను. కిటికీ పై అంచునుంచి చూస్తే నేల దగ్గరది కనబడినట్టు, బల్ల అవతలి అంచు దాటి నేల కనిపించింది.

నేల మీద ఒక జత బూట్లు. ఆడవాళ్ళవి. లేసుల ముడులతో, కుట్లతో సహా, ఆ గదిలో అన్నిటికంటే స్పష్టంగా. పక్కపక్కన, గుమ్మం ముందు విడిచినట్టు సర్ది ఉన్నాయి. లోపల మడమ దగ్గర అరిగిన అట్ట కూడా కనబడుతోంది. వాటి మీదనుంచి, కాళ్ళు లేకుండా, ఆ చీకటి మొదలవుతోంది.

అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. "ఖాళీగా ఉన్నయ్ నాన్నా. అందుకే పడినయ్."

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, అమ్మాయిని స్కూల్నుంచి ఎక్కించుకుని వెళ్ళాను. ప్లేటు మళ్ళీ ఫ్రేములో బిగించేశాను. దారిలో అంది, "లేజర్ కూడా ఇచ్చేద్దాం నాన్నా. అది లేకపోతే ఆయనకిది ఉత్త గాజు. నాకు చిన్న కొత్తది చాలు." కొన్నవాడు కొసరివ్వడం మా బజార్లో ఎవరూ విని ఉండరు. అయినా లేజర్ డిక్కీలోనే ఉంది. పొద్దున్నే పెట్టేశాను, అమ్మాయికి చెప్పలేదంతే.

ఇల్లు ఖాళీ అయిపోయింది. మా అడుగుల చప్పుడు మాకే పెద్దగా వినిపించింది. అమ్ముడుపోని సామాను మూడు నాలుగు మిగిలింది. కుట్టుమెషిన్ ఫ్రిజ్ పోయిన చోటు పక్కన, గోడకి అతుక్కుని, అలాగే ఉంది.

"తిరిగివ్వడానికి వచ్చాను," అన్నాను. "ఆ రోజు తప్పు మాటన్నాను. ఇందులో ఎవరో ఉన్నారు."

పెద్దాయన తీసుకోలేదు. "మీరన్నది నిజమే. నేను ముప్ఫై ఏళ్ళు రోజూ చూశాను. ఆవిడ పోయాక మరీ. కనబడని మనిషిని ఎన్నాళ్ళని చూస్తాం? ఒక కొత్తవాడు వచ్చి ఎవరూ లేరంటే, సరే, ఇక ఆపేద్దాం అనుకున్నా."

"ఎందుకు తీశారు మరి? పడదని తెలుసు కదా?" అమ్మాయి అడిగింది.

ఆయన మొదటిసారి నవ్వాడు. "పందెం. ఆవిడకి బేస్‌మెంట్ కావాలి, మెషిన్ పెట్టుకోవడానికి. నాకు నా ఇసక బల్ల కావాలి. చెంచాలన్నీ తీస్తావు, నన్నెప్పుడూ తీయవు అనేది. బతికున్న మనిషి పడదు అన్నాను. 'ఈ ప్లేటులో నాది ఒక్క దారప్పోగు కనబడినా బేస్‌మెంట్ నాది' అంది. సరేనన్నాను. ప్లేటు కడిగి, ఆరబెట్టి, స్టాండులో పెట్టి చూశాను. నల్లగా ఉంది. నవ్వుకుంటూ పైకి పరిగెత్తి మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆవిడ మాత్రం చాలాసేపు కిందే ఉండిపోయింది. మళ్ళీ ఎప్పుడూ బేస్‌మెంట్ మాట ఎత్తలేదు. ఇదిగో, ఇక్కడే కుట్టుకునేది."

గోడ మీద భుజం తగిలి అరిగిన చోటు చూపించాడు.

నా చూపు ఫ్రేము పైపట్టీ మీదకి పోయింది. తెగిన బేరాన్ని మళ్ళీ విప్పకూడదని మా బజారు నీతి. ప్లేటు అక్కడ పెట్టి, రెండు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోవచ్చు. గెలిచానన్న నమ్మకంతో ఆరిజోనా వెళ్తాడు, గెలిచినందుకు కాస్త బాధతో. విప్పితే అన్నేళ్ళూ ఆవిడ పక్కకి ఒరిగి కూర్చున్నది ఆయన మీద పడుతుంది. అమ్మాయి నన్నే చూస్తోంది. సరుకులో సొట్ట తెలిసి చెప్పకపోతే అది దొంగతనమని కూడా మా నాన్నే అనేవాడు, మిగతా రోజుల్లో ఏం చేసినా.

"ఫ్రేము ఎవరు చేశారు?" అన్నాను.

"ఆవిడే. నేనే కర్ర కోసిచ్చాను. పైన పట్టీ వెడల్పు ఉండాలి, మేకుకి బలంగా ఉంటుంది అంది."

"ఒక్కసారి బేస్‌మెంట్‌కి పదండి."

అక్కడ ఇసక బల్ల కాళ్ళుండిన నాలుగు చదరాలు నేల మీద తెల్లగా ఉన్నాయి. లేజర్ ఒక అట్టపెట్టె మీద పెట్టి, ఫ్రేము విప్పి, ప్లేటుని ఇంకో పెట్టెకి ఆనించాను. అమ్మాయి లైటార్పింది. తీసిన చోటే ఎర్రగది మళ్ళీ తెరుచుకుంది. గోడ మీద గడియారం ఇప్పుడు లేదు, గాజులో ఉంది, ముళ్ళు లేకుండా.

"పైనుంచి చూడండి. ఈ అంచులోంచి. కిందకి."

ఆయన వంగాడు. ఒక చెయ్యి మెల్లగా గాజు వెనక్కి వెళ్ళింది, మా అమ్మాయి కెటిల్ కోసం పెట్టినట్టే. వేళ్ళు బూట్ల దగ్గర ఆగాయి. అక్కడ ఉత్త గాలి.

"కాళ్ళు బయటికి తీసేసింది," అన్నాడు. "నేను లైట్లార్పాక. బూట్లు వదిలేసి, కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చుంది."

"గెలిచింది," అంది అమ్మాయి.

"గెలిచి ఇది చేసింది." ఆయన ఫ్రేములోని ఆ వెడల్పు పట్టీ మీద బొటనవేలు రాస్తున్నాడు.

నేనెన్నో బేరాలు చూశాను. గెలిచి, ఎదుటివాడి మొహంలో సంతోషం చూసి, సరుకు వెనక్కి పెట్టేసిన బేరం చూడలేదు. ఆ చీకట్లోకి చూస్తుంటే అది నన్ను కూడా తూస్తున్నట్టే అనిపించింది.

పెద్దాయన నిటారుగా లేచాడు. "మీ నడుము గట్టిదేనా?"

"ఏం?"

"మెషిన్ దించాలి."

ఇనప కాళ్ళు, బరువు నేను ముందే అంచనా వేసి వదిలేసినంతా ఉంది. ముగ్గురం కలిసి ఒక్కో మెట్టూ ఆగి ఆగి దించాం. ఆ నాలుగు చదరాల మధ్య పెట్టించాడు. కుర్చీ తెచ్చి వేశాడు, వెనక్కి పూర్తిగా జరిపి చూశాడు. అడ్డేమీ లేదు. చీటీ తెంపి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున్న దాకా ఇది ఆవిడదే," అన్నాడు. "తర్వాత కొన్నవాళ్ళ ఇష్టం."

"లైటు వెయ్యనా?" అంది అమ్మాయి.

"వద్దమ్మా. కాసేపుండనీ."

మెట్లెక్కుతూ వెనక్కి చూశాను. ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. గాజు వెనక ఆవిడ. నిజం కుర్చీ ఖాళీగా ఉంది. ఎరుపు వెలుగులో ఏ కుర్చీ ఎక్కడిదో ఒక్క క్షణం తెలియలేదు.

తలుపు దగ్గరుండగా కిందనుంచి పిలిచాడు. "ఫ్రేము తీసుకెళ్ళండి. నాకిక అక్కర్లేదు."

కార్‌లో అమ్మాయి వెనక సీట్లోని ఫ్రేము వంక చూసింది. "నువ్వు అడిగావా?"

"లేదే. ఆయనే ఇచ్చాడు, విన్నావుగా."

"ష్యూర్?"

ఫ్రేము బేస్‌మెంట్ గోడకి ఆనించి ఉంది, ఏమీ పెట్టకుండా. ప్లేటు ఆరిజోనా వెళ్ళిపోయింది. మా ఆవిడ బియ్యం బస్తాలు రెండో మూలకి మార్పించింది. పాత చోటు ఇప్పుడు ఖాళీ. కిందకి వెళ్ళినప్పుడు మేం ముగ్గురం ఆ చోటు తొక్కకుండా చుట్టు తిరిగే వెళ్తాం, ఎవరూ ఎవరికీ చెప్పకపోయినా.